కదలని ఫోటో, కదిలే ఫ్రేమ్: స్లైడ్‌షో వెనక ఉన్న లెక్క

అందరికీ నమస్కారం.

ఫోటోలన్నీ టైమ్‌లైన్ మీద వేసి, ఒక ఫోటో నుంచి ఇంకోదానికి మారేచోట ఏదో ఒక ట్రాన్సిషన్ పెట్టి, కింద పాట పరిస్తే స్లైడ్‌షో తయారైపోతుంది. ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా అది కాసేపట్లో అయ్యే పనే. దాన్ని పెద్ద తెర మీద వేసినప్పుడు అసలు సంగతి బయటపడుతుంది. కొందరి తలలు తెగి ఉంటాయి. కొన్ని ఫోటోలు మసకబారి ఉంటాయి. జూమ్ అవుతుంటే బొమ్మ వణుకుతుంది. పాట అయిపోయినా ఫోటోలు నడుస్తూనే ఉంటాయి. చూడ్డానికి ఇవి వేర్వేరు జబ్బుల్లా ఉన్నా మూలం దాదాపు ఒక్కటే: ఫోటోలో ఎన్ని పిక్సెళ్లున్నాయో, దానికి ఎన్ని సెకన్లు ఇస్తున్నామో ముందుగా చూసుకోకపోవడం. నేను ఎక్కువగా మాట్లాడబోయేది ఆ లెక్క గురించే.

ముందు ఫ్రేమ్ సంగతి చూద్దాం. ఫుల్ హెచ్‌డీ అంటే 1920 పిక్సెళ్ల వెడల్పు, 1080 ఎత్తు, నిష్పత్తి 16:9. ఫోన్లు సాధారణంగా 4:3లో తీస్తాయి, డీఎస్‌ఎల్‌ఆర్‌లు 3:2లో. అంటే చేతికొచ్చే ఫోటోల్లో చాలావరకు వీడియో ఫ్రేమ్‌లో ఉన్నదున్నట్టు ఇమడవు. ఫోన్ ఫోటో 4000×3000 అనుకోండి. వెడల్పు నిండేలా దాన్ని 1920కి కుదిస్తే ఎత్తు 1440 అవుతుంది. ఫ్రేమ్ ఎత్తు 1080 కాబట్టి 360 పిక్సెళ్లు ఫ్రేమ్ బయటికి పోవాల్సిందే. ఎవరి మొహం ఎక్కడుందో పట్టించుకోకుండా సాఫ్ట్‌వేర్ పైన 180, కింద 180 సమానంగా కోసేస్తుంది. గ్రూప్ ఫోటోలో వెనక వరస వాళ్ల తలలు పోయేది ఇక్కడే. పొజిషన్‌లో నిలువు విలువ మార్చి ఫోటోని కిందికి జరపండి. 180 పిక్సెళ్ల వరకు జరపొచ్చు, అది దాటితే పైన నల్ల పట్టీ కనిపిస్తుంది. 3:2 ఫోటోకైతే ఈ వెసులుబాటు 100 పిక్సెళ్లే. కాళ్లు పోతే ఎవరూ గమనించరు, నుదురు పోతే అందరికీ కనిపిస్తుంది.

నిలువు ఫోటోల దగ్గర మరింత ఓపిక కావాలి. 3:4 నిలువు ఫోటోని పూర్తి ఎత్తులో పెడితే 810 పిక్సెళ్ల వెడల్పే వస్తుంది. పక్కన 1110 పిక్సెళ్లు ఖాళీ. దాన్ని వెడల్పు నిండేలా సాగదీస్తే సగానికి పైగా ఫోటో పోతుంది, కాబట్టి ఆ ఆలోచనే వద్దు. అదే ఫోటోని కింది ట్రాక్‌లో ఇంకోసారి వేసి, ఫ్రేమ్ నిండేలా పెంచి, బాగా బ్లర్ చేసి, వెలుతురు మూడో వంతు తగ్గించి, దాని మీద అసలు ఫోటో పెట్టడం మీరందరూ చూసే ఉంటారు. వెలుతురు తగ్గించడం మరిచిపోతే వెనకది ముందున్న దానితో పోటీపడుతుంది. ఈ పద్ధతి ఒకటి రెండు చోట్ల బాగుంటుంది, వరసగా పది ఫోటోలకి వాడితే విసుగు. నా మటుకు నాకు రెండు నిలువు ఫోటోలు పక్కపక్కన పెట్టడమే నచ్చుతుంది. 810, 810 కలిపితే 1620. మిగిలిన 300ని ఎడమ అంచున, మధ్యలో, కుడి అంచున 100 చొప్పున పంచండి. ఎడమ వైపు నుంచి లెక్కపెట్టే సాఫ్ట్‌వేర్‌లో మొదటి ఫోటో కేంద్రం 505 దగ్గర, రెండోది 1415 దగ్గర పడుతుంది. ఒకే సందర్భంలో తీసినవి, లేదా ఒకే మనిషివి వేర్వేరు వయసుల్లోవి ఇలా జతపరిస్తే ఆ జత తనంతట తానే ఏదో చెబుతుంది.

ఇలా రెండు ట్రాకులు వాడినప్పుడు ఒక ఇబ్బంది వస్తుంది. పై ఫోటోకి మాత్రమే డిజాల్వ్ (ఒక ఫోటో కరుగుతుంటే ఇంకోటి తేలే ట్రాన్సిషన్) పెడితే వెనక బ్లర్ ఠక్కున మారిపోతుంది. రెండింటికీ పెడితే, పైది పారదర్శకమవుతున్న కొద్దీ వెనక బ్లర్ దానిలోంచి తొంగిచూస్తుంది. రెండు పొరల్నీ కలిపి ఒకే క్లిప్‌గా కట్టేసి, దానికి డిజాల్వ్ పెట్టాలి. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లలో ప్రీమియర్ ప్రోలో దీన్ని నెస్ట్ అంటారు, డావిన్చీ రిజాల్వ్‌లో కాంపౌండ్ క్లిప్.

ఇక జూమ్. 4000 పిక్సెళ్ల ఫోటోని 1920 ఫ్రేమ్‌లో పెట్టినప్పుడు రెండింతలకి కాస్త పైన, 208 శాతం దాకా దగ్గరికి వెళ్లొచ్చు. అక్కడి వరకు నిజమైన పిక్సెళ్లున్నాయి. ఆ తర్వాత సాఫ్ట్‌వేర్ కల్పించి నింపేవే. అదే ఫోటో వాట్సాప్‌లో మామూలుగా వచ్చిందైతే పొడుగు వైపు సుమారు 1600 పిక్సెళ్లకు కుదించి ఉంటుంది. ఫ్రేమ్ వెడల్పు నింపడానికే దాన్ని 120 శాతానికి పెంచాలి, ఇంకా జూమ్ ఎక్కడిది? అలాంటి ఫోటోల్ని ఎత్తుకి సరిపెట్టి 1440×1080గా ఉంచండి, లోపలికి జూమ్ చెయ్యకండి. వీలైతే ఫోటోలు పంపేవాళ్లని డాక్యుమెంట్‌గా పంపమని అడగండి. అప్పుడు పిక్సెళ్లూ తగ్గవు, ఫోటో తీసిన తేదీ కూడా ఫైల్లోనే ఉంటుంది. నలుగురి ఫోన్లలోంచి వచ్చిన ఫోటోల్ని కాలక్రమంలో పేర్చాలంటే ఆ తేదీయే ఆధారం.

ప్రీమియర్ వాడేవాళ్లకి ఇక్కడ ఒక హెచ్చరిక. క్లిప్ మీద కుడి క్లిక్ చేస్తే స్కేల్ టు ఫ్రేమ్ సైజ్, సెట్ టు ఫ్రేమ్ సైజ్ అని రెండు పేర్లు చాలా వెర్షన్లలో పక్కపక్కనే ఉంటాయి. మొదటిది ఫోటోని ఫ్రేమ్ కొలతకి కుదించి, ఆ కుదించిన బొమ్మనే ఇకపై అసలుగా తీసుకుంటుంది. దాని మీద జూమ్ చేస్తే 4000 పిక్సెళ్ల ఫోటో కూడా మసకే. రెండోది స్కేల్ సంఖ్యని మాత్రం మారుస్తుంది, పిక్సెళ్లన్నీ అలాగే ఉంటాయి. మీకు కావలసింది రెండోదే.

పిక్సెళ్లు మరీ ఎక్కువైనా కష్టమే. 24 మెగాపిక్సెల్ ఫోటో డిస్క్ మీద 8 ఎంబీయే ఉండొచ్చు, కానీ తెరిచాక 6000×4000 పిక్సెళ్లు, ఒక్కో దానికి 4 బైట్లు చొప్పున మెమరీలో 96 ఎంబీ తీసుకుంటుంది. డిజాల్వ్ మధ్యలో రెండు ఫోటోలు ఒకేసారి తెరుచుకుని ఉంటాయి. ప్లే చేస్తుంటే సరిగ్గా ట్రాన్సిషన్ల దగ్గరే ఆగి ఆగి నడవడానికి కారణం ఇదే. 1080 ప్రాజెక్టుకి పొడుగు వైపు 3000 ఉంటే సరిపోతుంది, మెమరీలో అది 24 ఎంబీ. బాగా దగ్గరికి వెళ్లాలనుకున్న నాలుగైదు ఫోటోల్ని మాత్రం పూర్తి సైజులో ఉంచుకోండి.

ఇంపోర్ట్‌కి ముందు ఫోటోలన్నీ ఒకే ఫోల్డర్‌లోకి కాపీ చేసి, 001, 002 అంటూ మూడంకెల పేర్లు పెట్టండి. ఉత్త 1, 2 అని పెడితే కొన్నిచోట్ల 1 తర్వాత 10 వస్తుంది. పెన్‌డ్రైవ్ నుంచి నేరుగా టైమ్‌లైన్ మీదికి లాగితే, దాన్ని తీసెయ్యగానే మీడియా ఆఫ్‌లైన్ అని ఎర్ర తెర కనిపిస్తుంది. ఐఫోన్ ఫోటోలు హెచ్‌ఈఐసీ ఫార్మాట్‌లో ఉంటే కొన్ని సాఫ్ట్‌వేర్లు తెరవవు, ముందే జేపెగ్‌లోకి మార్చండి. కొన్ని ఫోటోలు అడ్డంగా పడుకుని కనిపిస్తాయి. కెమెరా పిక్సెళ్లని తిప్పకుండా, తిప్పి చూపించమని ఫైల్లో ఒక గుర్తు మాత్రం రాస్తుంది. ఆ గుర్తు చదవని సాఫ్ట్‌వేర్‌లో ఈ గొడవ వస్తుంది. ఫోటో ఎడిటర్‌లో తెరిచి, నిలబెట్టి, మళ్లీ సేవ్ చేస్తే పోతుంది.

రిజాల్వ్‌లో వరస నంబర్లున్న 100 ఫోటోలు తెస్తే 4 సెకన్ల క్లిప్ ఒక్కటే వచ్చి చాలామంది కంగారుపడతారు. ఆ నంబర్లు చూసి అది వాటిని ఒక వీడియో తాలూకు ఫ్రేములనుకుంటుంది. 25 ఫ్రేములకి ఒక సెకను చొప్పున 100 ఫోటోలు 4 సెకన్లలో అయిపోతాయి. మీడియా పేజీలో మూడు చుక్కల మెనూకి వెళ్లి, ఫ్రేమ్ డిస్‌ప్లే మోడ్‌ని ఇండివిడ్యువల్‌కి మార్చి మళ్లీ తెచ్చుకోండి. ప్రీమియర్‌లో ఇంపోర్ట్ చేసేటప్పుడు ఇమేజ్ సీక్వెన్స్ గడిలో టిక్ ఉంటే తీసెయ్యండి. ఒక్కో ఫోటో ఎంతసేపు ఉండాలన్నది కూడా ప్రిఫరెన్సెస్‌లో ముందే పెట్టాలి. ప్రీమియర్‌లో తర్వాత మారిస్తే అప్పటికే తెచ్చిన ఫోటోలకి అది వర్తించదు.

ఇప్పుడు సెకన్లు. మూడున్నర నిమిషాల పాట అంటే 210 సెకన్లు. ఫోటోకి 5 సెకన్లు చొప్పున 42 ఫోటోలు పడతాయి. చేతిలో 150 ఉంటే 42కి తగ్గించాలి, లేదా ఇంకో పాట కలపాలి. ఒక్కో ఫోటోని సెకనున్నరకి కుదించి అన్నీ ఇరికించడం మాత్రం వద్దు. ఆ వేగంలో చూసేవాళ్లు మొహం పోల్చుకునేలోపే ఫోటో వెళ్లిపోతుంది. ఒక్క మనిషి ఉన్న ఫోటోకి మూడున్నర, నాలుగు సెకన్లు చాలు. ఇరవై మంది ఉన్నదానికి 7 ఇవ్వండి, ఎవరెవరున్నారో వెతుక్కోవాలి కదా. అన్నిటికీ ఒకే సమయం ఇవ్వడం తేలికే గాని, చూస్తుంటే యంత్రం నడిపినట్టుంటుంది.

ట్రాన్సిషన్ వల్ల మొత్తం నిడివి మారుతుందా లేదా అన్నది సాఫ్ట్‌వేర్ని బట్టి ఉంటుంది. ప్రీమియర్, రిజాల్వ్‌లలో డిజాల్వ్ కట్ మీద కూర్చుంటుంది, నిడివి మారదు. షాట్‌కట్‌లో ఒక క్లిప్‌ని ఇంకోదాని మీదికి జరిపితే ట్రాన్సిషన్ పుడుతుంది కాబట్టి జరిపినంత మేరా నిడివి తగ్గుతుంది. 40 ఫోటోలు 5 సెకన్ల చొప్పున 200 సెకన్లు. మధ్యలో 39 డిజాల్వులు, ఒక్కోటి ఒక సెకను. మిగిలేది 161 సెకన్లు. పాటకి సరిగ్గా సరిపెట్టామనుకున్నది చివర్లో 39 సెకన్లు చాలకుండా పోవడం ఇందువల్లే.

పాట లయకి ఫోటోలు మారితే చాలా బాగుంటుంది. నిమిషానికి 96 దెబ్బలున్న పాటలో ఒక్కో దెబ్బ 0.625 సెకను, 8 దెబ్బలకి సరిగ్గా 5 సెకన్లు. 90 దెబ్బల పాటలో 8 దెబ్బలకి 5.33 సెకన్లు. అక్కడ మీరు గుడ్డిగా 5 పెడితే ఫోటోకి 0.33 సెకను చొప్పున జారి, నాలుగో ఫోటో అయ్యేసరికి 1.33 సెకన్లు, అంటే రెండు దెబ్బలు తప్పుతారు. అందుకే పాట ప్లే చేస్తూ, ఫోటో మారాలనిపించిన ప్రతి చోటా కీబోర్డ్ మీద ఎం నొక్కండి. ప్రీమియర్‌లోనూ రిజాల్వ్‌లోనూ అక్కడొక మార్కర్, అంటే గుర్తు, పడుతుంది. ప్రీమియర్‌లో ఆటోమేట్ టు సీక్వెన్స్ అనే సదుపాయంతో, ఎంచుకున్న ఫోటోలన్నీ ఆ మార్కర్ల దగ్గరే వచ్చి కూర్చునేలా చెయ్యొచ్చు. ఇక ఫోటో మీద కదలిక. డాక్యుమెంటరీలు తీసే కెన్ బర్న్స్ పేరు, వాటిలో పాత ఫోటోల మీద ఆయన కెమెరా కదిలించిన తీరు వల్ల, వినే ఉంటారు. మెల్లగా జూమ్ చేసే ఎఫెక్టుని ఐమూవీలో ఆయన పేరుతోనే పిలుస్తారు. దాని బలమంతా నెమ్మదితనంలో ఉంది. 5 సెకన్లలో స్కేల్ 100 నుంచి 108కి వెళ్తే చాలు. ఆ వేగంలో ఫ్రేమ్ అంచు 125 ఫ్రేముల్లో 77 పిక్సెళ్లు జరుగుతుంది, అంటే ఫ్రేముకి 0.6. కన్ను దాన్ని జూమ్ అని పసిగట్టదు, ఫోటోలోకి మెల్లగా లాగినట్టు మాత్రం ఉంటుంది. పిక్సెల్‌లో భాగాల్ని లెక్కలోకి తీసుకోకుండా పూర్ణాంకాలకి సర్దేసే సాఫ్ట్‌వేర్‌లో మాత్రం ఈ నెమ్మది కదలికే వణుకుగా మారుతుంది. అలాంటిచోట ప్రాజెక్టుని 4కేలో చేసి, ఎక్స్‌పోర్ట్‌లో 1080కి దించితే వణుకు బాగా తగ్గుతుంది. వణుకు కాకుండా చారల చొక్కా, ఇటుక గోడ, జాలీ లాంటి చోట్ల మిణుకుమిణుకుమంటుంటే అది వేరే జబ్బు. ఫ్రేమ్ పట్టలేనంత సన్నని వివరం ఉండటం వల్ల వస్తుంది. ఫోటోని ముందే 3000కి కుదించడం, లేదా ఒక పిక్సెల్ లోపు బ్లర్ ఇవ్వడం దానికి విరుగుడు.

ఎక్కువమంది దగ్గర చూసే లోపం ఇంకొకటుంది. కదలిక ఎక్కడ మొదలై ఎక్కడ ముగియాలో చెప్పే గుర్తుల్ని, అంటే కీఫ్రేముల్ని, క్లిప్ మొదట్లో ఒకటి, చివర్లో ఒకటి పెడతారు. కానీ కట్ మీద కూర్చున్న ఒక సెకను డిజాల్వ్ అటూ ఇటూ అర సెకను చొప్పున పాకుతుంది. ఆ చివరి అర సెకనులో వెళ్లిపోతున్న ఫోటో కదలిక ఆగి బిగుసుకుపోతుంది, వచ్చే ఫోటో కూడా అర సెకను కదలకుండా నిలబడి అప్పుడు బయల్దేరుతుంది. ప్రతి మార్పు దగ్గరా చిన్న కుదుపు. క్లిప్‌ని రెండు వైపులా అర సెకను పొడిగించి కీఫ్రేములు పెట్టి, తర్వాత మళ్లీ కత్తిరించండి. కదలిక డిజాల్వ్ మొత్తం సాగుతుంది. ఇదొక్కటి సరిచేస్తే స్లైడ్‌షో తీరే మారిపోతుంది.

ట్రాన్సిషన్లు డిజాల్వ్, కట్ ఈ రెండూ చాలు. పేజీ తిరగడం, గిరగిరా తిరగడం లాంటివి ఫోటోలోని మనిషి మీంచి చూపుని లాగేస్తాయి.

పేర్లు, తేదీలు తెలుగులో రాసేటప్పుడు ఒత్తులు విడిపోయి కనిపిస్తే తప్పు ఫాంటుది కాకపోవచ్చు. ప్రీమియర్ ప్రిఫరెన్సెస్‌లో గ్రాఫిక్స్ కింద టెక్స్ట్ ఇంజిన్‌ని సౌత్ ఏషియన్‌కి మార్చి, కొత్తగా టైటిల్ పెట్టి చూడండి. నోటో శాన్స్ తెలుగు, మండలి లాంటి యూనికోడ్ ఫాంట్లు వాడండి. అప్పటికీ కుదరకపోతే ఇంక్‌స్కేప్‌లో రాసి, పారదర్శకమైన పీఎన్‌జీగా తెచ్చుకోవడమే మేలు. నిదానంగా రెండుసార్లు చదవగలిగేంతసేపు అక్షరాల్ని తెర మీద ఉంచండి.

ఎక్స్‌పోర్ట్‌కి ఎంపీ4 ఫైలు, హెచ్.264 కుదింపు, సెకనుకి 10 మెగాబిట్ల బిట్‌రేట్ పెట్టండి. 210 సెకన్లకి ఫైల్ సుమారు 260 ఎంబీ వస్తుంది. బ్లర్ చేసిన వెనక భాగాల్లో, నలుపులోకి కరిగేచోట మెట్లుమెట్లుగా పట్టీలు కనిపిస్తే బిట్‌రేట్ 16కి పెంచండి, బ్లర్ పొర మీద కొద్దిగా గ్రెయిన్ (సన్నని చుక్కలు) కూడా వెయ్యండి. హెచ్.265లో ఫైల్ చిన్నదవుతుంది గాని, పాత టీవీలు చాలావరకు చదవవు. యూట్యూబ్‌లో పెట్టే ఉద్దేశం ఉంటే పాట హక్కుల విషయం ఎడిటింగ్‌కి ముందే తేల్చుకోండి. లయకి కట్ చేశాక పాట మార్చాల్సి వస్తే పనంతా మొదటికొస్తుంది.

ఫైల్ తయారయ్యాక ఏ తెర మీద వెయ్యబోతున్నారో దాని మీదే ఒకసారి నడిపించండి. ప్రొజెక్టర్ 1024×768ది అయితే మీ 16:9 బొమ్మ 1024×576కి కుంచించుకుపోయి, పైనా కిందా నల్ల పట్టీలు వస్తాయి. కంప్యూటర్ మీద 40 పిక్సెళ్ల ఎత్తున్న అక్షరం అక్కడ 21కి దిగుతుంది, వెనక వరసకి కనిపించదు. అలాంటి ప్రొజెక్టరని ముందే తెలిస్తే ప్రాజెక్టునే 4:3లో, 1440×1080గా పెట్టుకోండి. ఫోన్ ఫోటోలు అందులో ఏ కోతా లేకుండా నిండుగా పడతాయి.