బర్ల బాటలో నాటిన మొక్కలు

అందరికీ నమస్కారం. పర్యావరణం గురించి పది నిమిషాలు మాట్లాడమన్నారు. ముందు మన పరువు తీసే సంగతి ఒకటి చెప్పేస్తా. మూడేళ్ల కింద కాలనీ వెనక చెరువు కట్ట పక్కన రెండొందల మొక్కలు నాటాం, గుర్తుందా? టీషర్టులు, టోపీలు, వాట్సాప్ నిండా ఫోటోలు. ఎండాకాలం వచ్చేసరికి పది కూడా మిగల్లేదు. కొన్ని ఎండిపోయాయి, మిగతావి బర్లు తిన్నాయి. బర్ల ఆయన మీదికి గొడవకి పోతే ఆయన నెమ్మదిగా, "సార్, బర్లు నీళ్లకి దిగే బాట ఇదే. ఒక్కమాట అడిగితే చెప్పకపోదునా?" అన్నాడు. అంతే, నోరు పడిపోయింది.

అప్పట్నుంచీ నాకు జహీరాబాద్ మాటిమాటికీ గుర్తొస్తుంది. అక్కడ పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అని ఉంది, 1983 నుంచీ చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్ల సంఘాలతో పనిచేస్తోంది. ఎక్కువమంది దళితులు, ఎకరమో రెండెకరాలో చెలక, అంటే వాన మీదే పండే మెట్ట నేల, ఉన్నవాళ్లు. వీళ్లు పర్యావరణాన్ని కాపాడదామని కూర్చోలేదండీ, ఇంట్లో గింజల్లేక కూర్చున్నారు. అదే 1983లో రెండు రూపాయలకి కిలో బియ్యం వచ్చింది. మంచి పథకమే, ఎన్నో కడుపులు నింపింది, కానీ మెట్టలో పండే జొన్నని అడిగే నాథుడు లేకుండా పోయాడు, చెలకలు దున్నేవాళ్లు లేక పడావు పడ్డాయి.

1990ల నడుమ సంఘాలు ఏం చేశాయంటే, పడావు భూమి దున్నుకోడానికి చిన్న రైతుకి అప్పిచ్చి, దాన్ని డబ్బుగా కాకుండా జొన్నలుగా, కొన్నేళ్లపాటు కొంచెం కొంచెంగా తీర్చమన్నాయి. ఆ జొన్నలు ఊళ్లోనే నిలవ చేసి, పనులు దొరకని రోజుల్లో పేద ఇళ్లకి తక్కువ ధరకి కొలిచారు. మరి పేద ఇళ్లేవి? జాబితా ఆఫీసు నుంచి రాలేదు. ఊరివాళ్లే నేల మీద ముగ్గుతో ఊరి పటం గీసి, ఇల్లిల్లూ ఎంచి, అందరి ముందే తేల్చుకున్నారు. అక్కడ అబద్ధం చెల్లదు, మన పొయ్యి మీద ఏముందో పక్కింటామెకి తెలుసు కదా!

విత్తనం సంగతీ అంతే. వెదురు గంపని పేడతో అలికి, గింజల్లో బూడిద, వేపాకు కలిపి, మూతి మట్టితో మూసేస్తారు. కావలసినామె అప్పుగా తీసుకుపోయి, పంటయ్యాక తీసుకున్నదానికంటే ఎక్కువే కొలిచి ఇస్తుంది. ఒకే చెలకలో పచ్చజొన్న, కంది, సజ్జ, కొర్ర, అనుములు కలిపి వేస్తారు, వానలు మొండికేసి ఒకటి పోయినా ఇంకోటి చేతికొస్తుంది. మధ్యలో విత్తకుండానే మొలిచే జొన్నచెంచలి, దొగ్గలి కూర ఉంటాయి. మనం చూస్తే కలుపంటాం, వాళ్లు కోసుకెళ్లి వండుకుంటారు. కలుపు మందు కొడితే ముందు పోయేది సాయంత్రం కూరే.

ఏటా సంక్రాంతి వేళ పాత పంటల జాతర మొదలుపెట్టి, విత్తనాలు నింపిన ఎడ్లబండ్లతో ఊరూరా తిరుగుతారు. మీటింగుకి రమ్మంటే రానివాళ్లు కూడా డప్పు వినపడితే వాకిట్లోకొస్తారు. రేడియో ప్రసారాలు సాగే గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు చెప్పింది 1995లో. మాచునూరులో వీళ్ల సంఘం రేడియో గాలిలోకి వచ్చింది 2008 అక్టోబర్ 15న. పదమూడేళ్లు! అప్పటిదాకా చేతులు ముడుచుకోలేదు, పాటలూ ముచ్చట్లూ క్యాసెట్లలో రికార్డు చేసి సంఘాల్లో వినిపించారు. 2019లో ఐక్యరాజ్యసమితి వాళ్ల ఈక్వేటర్ ప్రైజ్ కూడా వచ్చింది.

అక్కడంతా స్వర్గమని అనడం లేదు. ఆ చుట్టుపక్కలే పత్తి ఉంది, చెరకు ఉంది, చదువుకున్న పిల్లలు హైదరాబాద్ బస్సెక్కుతున్నారు. మనం చెలకలు దున్నక్కర్లేదు కూడా. మనకి చేతనైంది ఆ ముగ్గు పటం. మన చెరువు చుట్టూ ఎవరెవరు బతుకుతున్నారో మనలో ఎవరికైనా తెలుసా? చేపలు పట్టేవాళ్లు, కట్ట కింద గుడిసెలవాళ్లు, చెత్త బండి వాళ్లు, వీళ్లలో ఒక్కరినీ మన గ్రూపులో చేర్చలేదు. ఆదివారం ఏడింటికి మీటింగ్ అని మనం మనమే పెట్టేసుకున్నాం, ఏసీ క్లబ్‌హౌస్‌లో.

ఈసారి కట్ట మీదే కూర్చుందాం. మొన్న బర్ల ఆయన్ని రమ్మని అడిగాను. ఏడింటికి కుదరదు, పాలు పోసొచ్చేసరికి తొమ్మిదవుతుందన్నాడు. తొమ్మిదికే పెట్టాను. ముగ్గుపిండి మా ఇంట్లోంచి తెస్తాను, టోపీలు మాత్రం ఎవరూ తేకండి.