కాటా చీటీలో 2,236... కంప్యూటర్లో 1,849!

(విజయవాడ స్టూడియో నుంచి బుధవారం ఉదయం ప్రసారమైన ఫోన్-ఇన్ కార్యక్రమానికి అక్షరరూపం. అతిథి గవర్నర్‌పేటలో ఇరవై ఏళ్లుగా కంప్యూటర్లు బాగుచేస్తున్నారు.)

వ్యాఖ్యాత: నమస్కారం. కిందటి వారం కాపీ, పేస్ట్ గురించి మాట్లాడుకున్నాం. ఆ మాట మీదే మొదటి కాల్ వచ్చినట్టుంది. హలో, చెప్పండి.

శ్రోత (వన్ టౌన్, విజయవాడ): నమస్తే అండీ. నాది జెరాక్స్ షాపు. సార్ పోయినవారం విండోస్ కీ పట్టుకుని ‘వి’ నొక్కితే ఇంతకుముందు కాపీ చేసినవన్నీ వరసగా కనిపిస్తాయన్నారు కదా. నా దగ్గర రెండు సిస్టమ్‌లున్నాయి. ఒకదాంట్లో అసలేం రాలేదు. రెండోదాంట్లో చిన్న పెట్టె వచ్చింది గానీ లోపల ఖాళీ.

అతిథి: తప్పు నాదేనండీ, సగమే చెప్పాను. ఆ పెట్టెలో ‘టర్న్ ఆన్’ అని ఉంటుంది. అది ఒకసారి నొక్కితే గానీ పని మొదలెట్టదు. నొక్కాక కాపీ చేసినవే దాచుకుంటుంది, పాతవి రావు. అదీ 25 వరకే. సిస్టమ్ రీస్టార్ట్ చేస్తే పోతాయి, పిన్ గుచ్చి పెట్టుకున్నవి మాత్రం ఉంటాయి. ఏమీ రాని సిస్టమ్‌లో ఉన్నది విండోస్ 7 అయ్యుంటుంది, అవునా?

శ్రోత: అవునండీ, పాతదే.

అతిథి: ఈ సదుపాయం విండోస్ 10లో, అదీ 2018 చివర్లో వచ్చింది. 7లో లేదు. దానికి 2020 జనవరి 14తోనే ఉచిత భద్రతా అప్‌డేట్లు ఆగిపోయాయి. ఆ సిస్టమ్‌లో బ్యాంకు పనులు మాత్రం చేయకండి. ఇంతకీ మీది షాపు అన్నారు. జనం వచ్చి ఆధార్ నంబర్లు, పాస్‌వర్డ్‌లు కాపీ చేసి అతికిస్తుంటారా?

శ్రోత: రోజంతా అదే పని కదండీ.

అతిథి: అయితే ఆన్ చేయకండి. పొద్దున వచ్చినాయన పాస్‌వర్డ్ మధ్యాహ్నం వచ్చినాయనకి కనిపిస్తుంది. ఇంట్లో ఒక్కరే వాడుకునే సిస్టమ్‌కి బంగారం లాంటిది. పదిమంది చేతులు పడే కీబోర్డుకి పనికిరాదు.

వ్యాఖ్యాత: పోయినవారం ఇది చెప్పి ఉండాల్సింది మనం. తర్వాత గుంటూరు నుంచి. హలో... ఏవో కేకలు వినిపిస్తున్నాయి, యార్డులో ఉన్నారా?

శ్రోత (మిర్చి యార్డు, గుంటూరు): అవునండీ, కమీషన్ కొట్లో గుమాస్తాని. ఎక్సెల్‌తో చచ్చిపోతున్నాం సార్. ఒక రైతువి తేజ రకం మిరపకాయలు 52 టిక్కీలు, అంటే బస్తాలు. కాటా చీటీలో మొత్తం 2,236 కేజీలు. అవే బరువులు ఎక్సెల్‌లో కొట్టి ఆటోసమ్ నొక్కితే 1,849 అంటోంది. మూడుసార్లు సరిచూశాను, ఒక్క అంకె కూడా తేడా లేదు. రైతు ఎదురుగా కూర్చున్నాడు, పట్టీ, అదే అమ్మకం లెక్క చీటీ, రాయాలి.

అతిథి: 387 కేజీలు ఎక్కడికో పోయాయన్నమాట. కంప్యూటర్ ముందే ఉన్నారా? ఆ బరువుల నిలువు వరస చూడండి. అంకెలన్నీ గడిలో కుడివైపు ఆనుకుని ఉన్నాయా, ఏవైనా ఎడమకి అతుక్కున్నాయా?

శ్రోత: కొన్ని ఎడమకి ఉన్నాయండీ. అవి కొత్త కుర్రాడు కొట్టాడు. 43 కేజీ, 42 కేజీ అని పక్కనే ఇంగ్లీషులో కొట్టాడు, శుభ్రంగా ఉంటుందని.

అతిథి: దొరికాడు దొంగ! అంకె పక్కన అక్షరం పడితే ఎక్సెల్ దాన్ని అంకెగా చూడదు, మాటగా చూస్తుంది. మాటల్ని కూడలేదు కాబట్టి చప్పుడు చేయకుండా వదిలేస్తుంది. తప్పని కూడా చెప్పదు, అదీ దాంతో ప్రమాదం. ఖాళీ గడిలో ఈజ్ఈక్వల్‌టు, కౌంట్ అని కొట్టి, బ్రాకెట్లో ఆ వరస ఇవ్వండి. ఎన్ని అంకెలున్నాయో లెక్క చెబుతుంది.

శ్రోత: ...43 అంది.

అతిథి: 52 టిక్కీలకి 43 అంకెలు. తొమ్మిది టిక్కీలు లెక్కలోకి రాలేదు. ఇప్పుడా వరస మొత్తం ఎంచుకుని కంట్రోల్, హెచ్ నొక్కండి. పైగడిలో ఆ కే, జీ అక్షరాలు కొట్టండి. కింది గడి ఖాళీగా వదిలేయండి. ‘రీప్లేస్ ఆల్’ నొక్కండి. అక్షరాలు పోతే అవి మళ్లీ అంకెలైపోతాయి.

శ్రోత: మరి కేజీ అని కనిపించాలంటే సార్? షావుకారు గారికి అది ఉండాలి.

అతిథి: కనిపించనివ్వండి, కొట్టకండి. వరస ఎంచుకుని కంట్రోల్, 1 నొక్కండి. ‘కస్టమ్’లోకి వెళ్లి, టైప్ అన్న చోట సున్నా, దాని పక్కన డబుల్ కొటేషన్లలో కేజీ అని రాయండి. ఇకమీదట మీరు 43 అని మాత్రమే కొడతారు, గడిలో 43 కేజీ అని కనిపిస్తుంది. లోపల మాత్రం వట్టి అంకే ఉంటుంది. కొత్త కుర్రాణ్ణి తిట్టకండి, పెద్ద పెద్ద ఆఫీసుల్లో కూడా చేసే పనే అది.

శ్రోత: చేసి చూస్తానండీ. (లైన్ తెగిపోయింది.)

వ్యాఖ్యాత: టిక్కీలు దొరికాయో లేదో చెప్పకుండానే పోయారు. బ్రాడీపేట నుంచి ఎవరో విద్యార్థిని. చెప్పమ్మా.

శ్రోత (బ్రాడీపేట, గుంటూరు): బ్యాంకు పరీక్షకి అప్లై చేస్తున్నా సార్. ఫొటో 200 బై 230 పిక్సెల్స్, 20 నుంచి 50 కేబీ లోపు ఉండాలంట. ఫోన్లో తీసింది మూడు ఎంబీ ఉంది. ఏదో సైట్లో అప్‌లోడ్ చేస్తే తగ్గిస్తుందంటున్నారు.

అతిథి: ఎక్కడికీ పంపక్కర్లేదమ్మా, నీ సిస్టమ్‌లో పెయింట్ ఉందిగా. ఫొటో అందులో తెరిచి, ముందు ముఖం, భుజాలు వచ్చేలా నిలువుగా కత్తిరించు. తర్వాత ‘రీసైజ్’లో పిక్సెల్స్ ఎంచుకుని 200, 230 ఇవ్వు. కత్తిరించకుండా నేరుగా ఆ అంకెలిస్తే ముఖం సాగిపోతుంది, జాగ్రత్త. జేపెగ్‌గా సేవ్ చేస్తే కేబీలు వాటంతటవే తగ్గుతాయి. ఫొటోకే కాదు, సంతకానికీ పద్ధతి ఇదే, కొలతలు మాత్రం వేరు. ఆధార్ కాపీని మాత్రం ముక్కూమొహం తెలియని సైట్లకి చచ్చినా ఎక్కించకు.

వ్యాఖ్యాత: పటమట నుంచి ఒక పెద్దాయన చాలాసేపటి నుంచి లైన్లో ఉన్నారు. నమస్కారం మాస్టారూ.

శ్రోత (పటమట, విజయవాడ): నమస్కారం నాయనా. తెలుగు పండితుడిగా చేసి రిటైరయ్యాను. ఇరవై ఏళ్ల కిందట నా పద్యాలు ఏలూరు రోడ్డులో డీటీపీ, అదే కంప్యూటర్ అక్షరకూర్పు, చేయించాను. ఆ ఫైలు మా అబ్బాయి ల్యాప్‌టాప్‌లో తెరిస్తే ఒక్క తెలుగు అక్షరం లేదు. ఆశ్చర్యార్థకాలూ, బ్రాకెట్లూ, పిచ్చి గీతలూను. పద్యం పోయిందా, ఉందా?

అతిథి: ఉంది మాస్టారూ, వేషం మార్చుకుని ఉంది. అప్పట్లో డీటీపీ వాళ్లు అను ఫాంట్లు వాడేవారు. వాటిల్లో తెలుగు అక్షరానికి సొంత గది ఉండదు. ఇంగ్లీషు అక్షరాల గదుల్లో తెలుగు బొమ్మలు కూర్చోబెట్టారు. ఆ ఫాంట్ ఉన్న సిస్టమ్‌లో ‘అ’ కనిపిస్తుంది, లేనిదాంట్లో ఆ గది అసలు యజమాని బయటికొస్తాడు. యూనికోడ్‌లో అలా కాదు, తెలుగుకి విడిగా 128 గదులిచ్చారు. అందుకే వాట్సాప్‌లో ఎవరు పంపినా ఎక్కడైనా తెలుగే కనిపిస్తుంది.

శ్రోత: అయితే ఇల్లు మార్పించాలన్నమాట.

అతిథి: బాగా అన్నారు. అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. కాకపోతే ఒత్తుల దగ్గర, ముఖ్యంగా ర వత్తు దగ్గర కళ్లు పెట్టి చూసుకోవాలి. అచ్చు ప్రతి ఏదైనా మిగిలిందా?

శ్రోత: ఒక్క ప్రూఫు కాపీ ఉంది, నా దిద్దుబాట్లతో సహా.

అతిథి: అయితే ఇంకో దారి కూడా ఉంది. మంచి వెలుతురులో ఒక్కో పేజీ ఫొటో తీసి గూగుల్ డ్రైవ్‌లో పెట్టించండి. కంప్యూటర్లో ఆ ఫొటో మీద రైట్ క్లిక్ చేసి ‘ఓపెన్ విత్ గూగుల్ డాక్స్’ అంటే బొమ్మ కింద అక్షరాలు విడిగా వస్తాయి. వచనమైతే హాయిగా వస్తుంది. పద్యమైతే పాదాలు కలిసిపోవచ్చు, మీరే విడగొట్టుకోవాలి.

శ్రోత: పాదాలు విడగొట్టడం నాకేం కష్టం! ఇక కొత్త పద్యాలు నేనే కొట్టుకోవాలంటే?

అతిథి: లాంగ్వేజ్ సెట్టింగ్స్‌లో తెలుగు చేర్చి, ‘తెలుగు ఫొనెటిక్’ కీబోర్డు ఎంచుకోమనండి మీ అబ్బాయిని. ఇంగ్లీషు అక్షరాలతో రాముడు అని కొడితే కింద తెలుగులో చూపిస్తుంది. విండోస్ కీతో స్పేస్ బార్ నొక్కితే తెలుగు, ఇంగ్లీషు మారుతుంటాయి. విడిగా ఏమీ కొనక్కర్లేదు.

శ్రోత: అరసున్న వస్తుందా?

అతిథి: యూనికోడ్‌లో ఉంది మాస్టారూ. ఈ కీబోర్డులో ఏ మీటకొస్తుందో నాకూ చూడాలనుంది. మీకు ముందు దొరికితే నాకు చెప్పండి.

వ్యాఖ్యాత: లక్ష్మీపురం నుంచి కంగారుగా ఎవరో... చెప్పండమ్మా.

శ్రోత (లక్ష్మీపురం, గుంటూరు): స్క్రీన్ అంతా ఎర్రగా అయిపోయి సైరన్ మోగుతోందండీ! వైరస్ వచ్చింది, ఈ నంబరుకి ఫోన్ చెయ్యమంటోంది. ఒకటే టెన్షన్‌గా ఉంది.

అతిథి: చేయకండి. అది వట్టి వెబ్ పేజీ అమ్మా, వైరస్ కాదు. ఆల్ట్ పట్టుకుని ఎఫ్4 నొక్కండి. పోకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి, వచ్చిన జాబితాలో బ్రౌజర్ పేరు మీద ‘ఎండ్ టాస్క్’ ఇవ్వండి. మళ్లీ తెరిచినప్పుడు పాత పేజీలు రీస్టోర్ చేయమంటారా అని అడిగితే వద్దనండి.

శ్రోత: ఆగిపోయిందండీ! మా పక్కింటావిడ ఇలాగే ఫోన్ చేసి డబ్బులు పోగొట్టుకుంది.

అతిథి: డబ్బు పోయిందని తెలిసిన వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయమనండి. ఎంత ఆలస్యమైతే అంత చేజారిపోతుంది.

వ్యాఖ్యాత: రెండు నిమిషాలే ఉన్నాయి. మళ్లీ యార్డు నుంచే కాల్. దొరికాయా అండీ టిక్కీలు?

శ్రోత (మిర్చి యార్డు): ఏడు దొరికాయి సార్! మొత్తం 2,150 అయింది. ఇంకా 86 కేజీలు తక్కువుంది.

అతిథి: అంటే రెండు టిక్కీలు. ఎడమకి ఇంకా ఏమున్నాయో చూడండి.

శ్రోత: రెండు గళ్లున్నాయి... 43 పక్కన ఒక్క ‘ఎస్’ ఉందండీ.

అతిథి: కేజీస్ అని కొట్టాడన్నమాట! మనం కే, జీ తీసేస్తే తోక మిగిలింది. ఇది నాకు ముందే తట్టాల్సింది. మళ్లీ కంట్రోల్, హెచ్. పైన ‘ఎస్’, కింద ఖాళీ. ఆ ఒక్క వరసే ఎంచుకోండి, లేకపోతే రైతుల పేర్లలో ఎస్‌లన్నీ ఎగిరిపోతాయి.

శ్రోత: ఆగండి... రెండు వేల రెండొందల ముప్ఫై ఆరు. వచ్చింది సార్! పట్టీ రాయాలి, షావుకారు గారు పిలుస్తున్నారు, ఉంటానండీ.