కాక్‌పిట్‌ల కెమెరా యాడ పెట్టాలె?

(హైదరాబాద్‌ల రికార్డ్ చేసిన పాడ్‌కాస్ట్. మాట్లాడేది ఇద్దరు: ఒకరు కెమెరా, ఒకరు సౌండ్.)

సౌండ్: అన్నా, 2024 డిసెంబరు 8న హుస్సేన్‌సాగర్ మీద వాయుసేన విన్యాసాల టీమ్ సూర్యకిరణ్ విమానాలు ఎగిరినయి కదా. ట్యాంక్‌బండ్ మీద నిలబడి తీస్తే అవి నల్ల చుక్కల లెక్క ఎందుకు వస్తయి?

కెమెరా: ట్యాంక్‌బండ్ సాగర్‌కు తూర్పు గట్టు. మధ్యాహ్నం దాటినంక ఆడికెళ్లి నీళ్ల దిక్కు చూస్తే సూర్యుడు సక్కగ కండ్లల్ల పడతడు. నెక్లెస్ రోడ్ పక్కకు పోయి తూర్పుకు తిరిగితే ఎండ మన వీపు మీద ఉంటది, తెల్లపొగ నీలం మీద తేలుతది. లెన్స్ మీది పోలరైజర్ ఫిల్టర్ మాత్రం తీసెయ్యాలె. విమానం వెంబడి కెమెరా తిప్పుతుంటే ఆకాశం ఒక పక్క నలుపు, ఒక పక్క తెలుపు అయితది. కానీ తమ్మీ, ఇదంతా షో వీడియో. డాక్యుమెంటరీ కావాలంటే బీదర్ పోవాలె. టీమ్ ఉండేది ఆడ.

సౌండ్: జహీరాబాద్ మీదికెళ్లి పోతే దగ్గరనే. పర్మిషన్ సంగతి?

కెమెరా: రక్షణ శాఖ నుంచి, ఎయిర్ హెడ్‌క్వార్టర్స్ నుంచి రాతపూర్వకంగ రావాలె. మనుషుల పేర్లు, కెమెరాల సీరియల్ నంబర్లు ముందే ఇచ్చుకోవాలె. డ్రోన్ ఇంట్లనే పెట్టి పో, మిలిటరీ ఎయిర్‌ఫీల్డ్ అంటే రెడ్ జోన్, అనుమతి లేకుండ డ్రోన్ ఎగరెయ్యరాని జాగ. తీసిన ఫుటేజ్ వాళ్లు చూసినంకనే బయటికొస్తది. ఎడిట్ లాక్ అయినంక, అంటే కట్ ఖరారైనంక చూపిస్తే, ఒక్క షాట్ తీసెయ్యమన్నా సీనంతా కూలుతది. రఫ్ కట్ (మొదటి కచ్చా కూర్పు) దశలనే చూపియ్యాలె.

సౌండ్: పాత ఫుటేజ్ వాడుకోవచ్చా?

కెమెరా: వాడుకో, కానీ జర చూసుకో. టీమ్ 1996ల మొదలైంది. అప్పుడు కిరణ్ ఎంకే-2 విమానాలు. 2011ల ఆగి, 2015ల హాక్ ఎంకే-132తోటి మళ్లా మొదలైంది. కిరణ్‌ల ఇద్దరు పక్కపక్కన కూసుంటరు, హాక్‌ల ఒకరి ఎనుక ఒకరు. పాత కాక్‌పిట్ షాట్ కొత్త దాని నడుమ ఇరికిస్తే తెలిసినోడు టక్కున పట్టుకుంటడు.

సౌండ్: ఇగ అసలు ముచ్చట. కాక్‌పిట్‌ల కెమెరా యాడ పెట్టాలె?

కెమెరా: అందరికీ ముందు డాష్‌బోర్డే గుర్తొస్తది. అది తప్పు. ఫార్మేషన్‌ల, అంటే విమానాలు దగ్గరదగ్గర వరుస కట్టి ఎగిరేటప్పుడు, ముందుకు చూసేది లీడర్ ఒక్కడే. మిగిలినోళ్ల చూపంతా పక్క విమానం మీదనే. దాని రెక్క మీదనో, బాడీ మీదనో రెండు గుర్తులు ఒక్క గీత మీదికి తెచ్చుకొని, అవి కదలకుండ ఎగురుతరు. లీడర్‌కు ఎడమ పక్క ఎగిరే పైలట్ కుడికి చూస్తుంటడు. కెమెరా ముందు పెడితే నీకు దక్కేది హెల్మెట్ పక్క భాగం, ఒక చెంప. కుడి అంచు మీద, భుజం ఎత్తున పెట్టు. కండ్లు కనపడయి, నల్ల వైజర్ (హెల్మెట్ అద్దం) ఉంటది. కానీ ఆ వైజర్ మీద పక్క విమానం ఎర్రగ తెల్లగ మెరుస్తది. ఆ ఒక్క షాట్ కోసం నాలుగు సోర్టీలు (విమానం ఒక్కసారి ఎగిరొస్తే ఒక సోర్టీ) పోయినా నష్టం లేదు.

సౌండ్: సక్షన్ కప్‌తోటి అద్దానికి అతికిస్తే సరిపోదా?

కెమెరా: హాక్ కెనపీకి, అంటే పైలట్ మీది అద్దపు మూతకు, సన్నని పేలుడు తీగ అతికించి ఉంటది. ఎజెక్ట్ అయినప్పుడు, అంటే ఆపదల పైలట్ సీటుతోటే బయటికి ఎగిరిపోయేటప్పుడు, అద్దాన్ని పగలగొట్టేది గదే. అందుకే అద్దం మీద ఏదీ అతికియ్యొద్దు. సీటు పైకి పోయే దారిల కూడ ఏం ఉండొద్దు. బ్రాకెట్ యాడ బిగియ్యాల్నో వాళ్ల ఇంజనీర్లే చెప్తరు, వాళ్లే బిగిస్తరు. ఆరు జీ పడితే, అంటే బరువు ఆరింతలైతే, 150 గ్రాముల కెమెరా 900 గ్రాములైతది. బ్రాకెట్ దాన్ని మొయ్యాలె, పైన ఇంకో తాడు ఉండాలె. తలకిందులైనప్పుడు ఒక్క స్క్రూ ఊడినా అది పోయి కంట్రోల్స్‌ల ఇరుక్కుంటది. అందుకే లోపలికి పోయిన స్క్రూలు, కార్డులు, బ్యాటరీలు అన్నీ రాసుకొని, బయటికొచ్చినప్పుడు మళ్లా లెక్కపెట్టాలె. ఒక్కటి తక్కువొస్తే అది దొరికేదాక ఆ విమానం ఎగరదు.

సౌండ్: స్టెబిలైజేషన్?

కెమెరా: బంద్ చెయ్. అది విమానం తిరుగుడును కెమెరా ఊగుడు అనుకొని సవరిస్తది. కాక్‌పిట్ ఫ్రేములు జారుతున్నట్టు వస్తయి. ఎండల రన్‌వే మీద నిలబెడితే చిన్న కెమెరా వేడెక్కి ఆగిపోతది, అందుకే ఇంజన్ స్టార్ట్‌కు జర ముందే ఆన్ చెయ్యాలె. 4కేల సెకనుకు 100 మెగాబిట్లంటే అరగంటకు 22.5 జీబీ. ఆరు కెమెరాలకు 135. రెండు సోర్టీలయితే రోజుకు 270, దానికి మూడు కాపీలు. ఇగ నీ సంగతి చెప్పు.

సౌండ్: కెమెరా మైక్‌ల ఇంజన్ హోరు తప్ప ఏం రాదు. హెల్మెట్ ప్లగ్‌కు, విమానం సాకెట్‌కు నడుమ ఒక వై-కేబుల్ (సిగ్నల్‌ను రెండు దిక్కులకు పంచే తీగ) పెట్టి చిన్న రికార్డర్‌కు తీసుకోవాలె. ఎజెక్ట్ అయితే అది కూడ టక్కున ఊడిపోయేటట్టు ఉండాలె, కాబట్టి దానికీ క్లియరెన్స్ కావాలె. ఇంటర్‌కామ్ సిగ్నల్ మైక్ కంటే మస్తు గట్టిగ ఉంటది. సిగ్నల్‌ను తగ్గించే అటెన్యుయేటర్ లేకుంటే మాటలన్నీ పగిలిపోతయి. రెండో ట్రాక్‌ను 12 డీబీ (డెసిబెల్) తగ్గించి పక్కన పెట్టుకోవాలె. ఇంకోటి, ఎడిటర్లు ఊపిరి చప్పుడును నాయిస్ అనుకొని తీసేస్తరు. జీ పడ్డప్పుడు పైలట్ ఊపిరి బిగబట్టి మూలుగుతడు. తెర మీద అంకె ఏసే కంటే ఆ మూలుగే ఎక్కువ చెప్తది.

కెమెరా: సింక్ ఎట్ల, బొమ్మకు చప్పుడు కలిపేది?

సౌండ్: లీడర్ పొగ వదలమని పిలుస్తడు కదా, గదే నాకు క్లాప్. ఇంజన్ ఎనుక వేడిల డీజిల్ పడి పొగైతది. రేడియోల ఆ పిలుపు, కింది కెమెరాల మొదటి పొగ, రెండూ కలిపితే సరి. కింద పెట్టిన మైక్‌ను మాత్రం నమ్మకు. విమానం కిలోమీటర్ దూరంల ఉంటే చప్పుడు మూడు సెకన్లు ఎనుకొస్తది. ఆ ఆలస్యాన్ని సరిచేస్తే బొమ్మ ఆటలెక్క ఉంటది. జనాల నడుమ తీసిన షాట్లల్ల అట్లనే ఉంచు, కాక్‌పిట్ షాట్లల్ల తీసెయ్.

కెమెరా: డీబ్రీఫ్ గది, ఎగిరొచ్చినంక తప్పొప్పులు మాట్లాడుకునేది?

సౌండ్: ఆడ తొమ్మిది మంది పైలట్లకు కాలర్ మైకులు పెడితే ఎవరూ మనసు విప్పి మాట్లాడరు. టేబుల్ మీద రెండు బౌండరీ మైకులు (టేబుల్‌కు ఆని గది మొత్తం వినేవి), లీడర్‌కు ఒక కాలర్ మైక్, అంతే. ఏసీ బంద్ చెయ్యమని అడగాలె, ఎండాకాలం అయితే అడిగే ముందు వాళ్ల మొహం చూసుకోవాలె.

కెమెరా: ట్యూబ్‌లైట్ మెరవకుండ షటర్ 1/50 గానీ 1/100 గానీ పెట్టాలె. గోడ మీది టీవీల వాళ్ల సోర్టీ వీడియో నడుస్తుంటది. టీవీని తీస్తే గీతలొస్తయి, ఆ ఫైలే అడిగి తెచ్చుకోవాలె. కెమెరా చేతుల మీద ఉండాలె. ఎవడు ఎంత దగ్గరికి జరిగిండో అరచేతులతోనే చూపిస్తరు.

సౌండ్: పొద్దుగాల బ్రీఫింగ్‌ల ఇంకోటి ఉంది. కుర్చీలల్ల కూసొని, కండ్లు మూసుకొని, కుడిచెయ్యి స్టిక్ పట్టుకున్నట్టు పెట్టి, లీడర్ పిలుపుల వెంబడి షో మొత్తం ఎగురుతరు. ఆ గొంతు విడిగ రికార్డ్ చెయ్యాలె. తర్వాత ఆకాశంల అదే పిలుపు, అదే లయల వస్తది. కుర్చీ మీద మొదలుపెట్టి గాలిల ముగించొచ్చు. అయితే రెండూ ఒక్క రోజువే కావాలె. గొంతు రోజుకో తీరు ఉంటది, నిన్నటిది ఇయ్యాల్టి దానికి అతకదు.