మామ్మ మాట అచ్చులో చూసిన పిల్ల

వేదిక మీద పెద్దలకు, చుట్టుపక్కల బళ్ళన్నీ కలిసిన ఈ కాంప్లెక్స్ మీటింగుకి రెండేసి బస్సులు మారి వచ్చిన ఉపాధ్యాయ మిత్రులకు నమస్కారం. పేరుపేరునా చెప్పుకోవాలి గానీ నాకిచ్చింది పదిహేను నిమిషాలు, అవతల భోజనాల వేళ అవుతోంది, మన్నించండి.

నాకిచ్చిన అంశం, చిన్న తరగతుల్లో చదవడం నేర్పడానికి ఉచితంగా దొరికే డిజిటల్ సాధనాలు. ముందు అవి చెప్పేస్తాను. ప్రథమ్ బుక్స్ వాళ్ళు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ ఉంది. బొమ్మల కథలు నాలుగు స్థాయిల్లో ఉంటాయి, తెలుగులో కూడా ఉన్నాయి. దింపుకోవచ్చు, ప్రింటు తీసుకోవచ్చు, మనమే తిరగరాసుకోవచ్చు కూడా, ఎవరి అనుమతీ అక్కర్లేదు, మూలం పేరు వేస్తే చాలు. గూగుల్ వాళ్ళది రీడ్ అలాంగ్. 2019లో బోలో అనే పేరుతో హిందీ, ఇంగ్లిషులతో వచ్చింది, తెలుగు తర్వాత చేరింది. పిల్ల పైకి చదువుతుంటే అది వింటుంది, ఆగిపోతే మాట అందిస్తుంది, ఒకసారి కథలు దింపుకుంటే నెట్ లేకపోయినా పనిచేస్తుంది. దీక్షా సంగతి మీకు తెలుసు, పాఠ్యపుస్తకాల్లో క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే పాఠాలు వచ్చే ప్రభుత్వ యాప్. ఇంకా అందరి ఫోనులోనూ ఉండేది, ఎవరూ సాధనం అనుకోనిది ఒకటుంది: వాయిస్ రికార్డర్. నేనైతే దాన్నే అన్నిటికంటే ముందు పెడతాను. ఎందుకో చెప్తాను.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో చిన్న బడి, ఏకోపాధ్యాయ పాఠశాల. ఒకటి నుంచి ఐదు దాకా నేనే. కొన్నేళ్ళ కిందట మూడో తరగతిలో ఒక పాప ఉండేది. అమ్మానాన్నా చెన్నైలో బిల్డింగు పనికి వెళ్ళిపోయారు, పాప మామ్మ దగ్గర. మామ్మ జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్ళేది, సొన అంటి వేళ్ళన్నీ నల్లగా ఉండేవి. ఈ పాప గుణింతం పాటలాగా పాడేస్తుంది, క కా కి కీ అని గుక్క తిప్పుకోకుండా. మధ్యలో 'కూ' మీద వేలు పెట్టి ఇదేంటమ్మా అంటే మళ్ళీ 'క' దగ్గర్నుంచి మొదలుపెట్టాల్సిందే. మన బళ్ళలో ఇలాంటి పిల్లలు ఎంతమంది ఉన్నారో మీ గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పండి. మనం వాళ్ళకి చదువు వస్తోందనే అనుకుంటాం, ఎందుకంటే నోరు కదులుతోంది కదా.

టీవీలో కథల వీడియోలు పెట్టాను, చక్కగా చూసింది. చూడటం వచ్చింది గానీ చదవడం రాలేదు. రీడ్ అలాంగ్ ఇచ్చాను, కొంచెం కదిలింది. అయితే 'వెళ్ళాడు' అని ఉన్నచోట పాప 'ఎల్లాడు' అంటే మాట తప్పని చూపించేది, పాప మొహం చిన్నబోయేది. ఆ మాట పక్కన నేను కూర్చుని, రాసేది ఇలా, మనం ఇంట్లో అనేది అలా, రెండూ ఒకటేనమ్మా అని చెప్పాల్సి వచ్చింది. పిల్ల చేతికి ఫోనిచ్చి మనం రిజిస్టర్లు రాసుకుంటే కుదరదండీ.

ఒకరోజు మామ్మ బడికి వస్తే, తిత్లీ రాత్రి సంగతి చెప్పమ్మా అన్నాను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిన తుపాను, ఉద్దానం వాళ్ళకి చెప్పక్కర్లేదు, తరతరాల కొబ్బరి తోటలు ఒక్క పూటలో పడిపోయాయి. ఆవిడ చెప్తుంటే రికార్డు చేశాను. వాయిస్ టైపింగుతో రాయిద్దామంటే అది ఆవిడ మాటని పట్టుకోలేకపోయింది, ఒకటంటే ఒకటి రాసింది. వింటూ వింటూ చేత్తోనే టైపు చేశాను, పేజీకి రెండు ముక్కలు చొప్పున, లిబ్రే ఆఫీసు అనే ఉచిత సాఫ్ట్‌వేరులో, పెద్ద అక్షరాలతో. వత్తులు స్పష్టంగా కనిపించే మండలి ఫాంటు వాడాను. అట్ట మీద పేరుకి గిడుగు ఫాంటు. ఆ రెండూ ఉచితమే. బొమ్మలు పిల్లలే వేశారు. పలాసలో జిరాక్స్ తీయించాను.

'సెట్టు పడిపోనాది. రేకు ఎగిరిపోనాది. నిన్ను కొంగులో ఎట్టుకుని మంచం కింద కూకున్నాను.'

పాప వేలు పెట్టి మెల్లగా చదువుతోంది. 'కూకున్నాను' దగ్గరికి వచ్చేసరికి ఆగి, నా వైపు చూసి, "మేడం, ఇది మా మామ్మ మాట!" అంది. క దగ్గర్నుంచి మొదలుపెట్టలేదు, 'కూ'ని 'కూ' అని చదివింది. న వత్తు కూడా పలికింది. సాయంత్రం పుస్తకం ఇంటికి పట్టుకెళ్ళి మామ్మకి చదివి వినిపించిందట. మర్నాడు పనికి వెళ్తూ వెళ్తూ ఆవిడ బడి గుమ్మంలో నిలబడి, "నాను సెప్పిన మాటలు కాయితంలోకి ఎలా ఎల్లినాయి తల్లీ?" అని అడిగింది. నాకు నోట మాట రాలేదు.

ఇక్కడితో ఆపేస్తే బాగుండేది. కానీ ఆపలేను, ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. తనిఖీకి వచ్చిన ఒకాయన గోడకి వేలాడదీసిన ఆ పుస్తకం చూసి, ఇదేం భాష, పిల్లలకి తప్పులు నేర్పుతున్నారా, తీసేయండి అన్నారు. తీసేశాను. ఎదురు చెప్పాల్సింది, చెప్పలేదు. పాప చూస్తోంది. ఆయన వెళ్ళాక నా దగ్గరికొచ్చి, "మా మామ్మ తప్పు సెప్పినాదేటి మేడం?" అంది.

ఇవాళ ఆగస్టు 29. గిడుగు రామమూర్తి పంతులు గారు 1863లో పుట్టిన రోజు. పుట్టింది మన వంశధార ఒడ్డున, పర్వతాలపేటలో. పొద్దుట ఆయన ఫోటోకి దండ వేశాం. ఆయన పర్లాకిమిడిలో మనలాగే బడి మాష్టారు. సవర గిరిజన పిల్లలకి వాళ్ళ మాటలోనే చదువు చెప్పాలని సవర మనిషి దగ్గర కూర్చుని ఆ భాష నేర్చుకుని, పుస్తకాలు రాసి, మన్యంలో తిరిగి తిరిగి విషజ్వరం తెచ్చుకున్నారు. దానికి వాడిన క్వినైను వల్ల చెవులు పోయాయి. ఇంకొకరి మాట వినడం కోసం వినికిడే పోగొట్టుకున్న మనిషి ఆయన. ఆ దండ వేసిన చేతులతోనే గోడ మీద మామ్మ కథ ఎలా తీయిస్తామండీ? చెప్పండి.

పాఠ్యపుస్తకం భాష వద్దని నేననడం లేదు. పాపే ఆ ఏడాది చివరికి పాఠ్యపుస్తకం చదివింది. 'కూకున్నాను' చదివిన పిల్లకి 'కూర్చున్నాను' దగ్గర ఒక్క రోజే పట్టింది. అయితే ముందు అచ్చులో ఉన్నది తన మాటేనని పిల్లకి తెలియాలి, ఆ తర్వాతే ఏ యాప్ అయినా పనికొస్తుంది.

టైము అయిపోయిందంటున్నారు, రెండు ముక్కలు. సిగ్నల్ లేని బళ్ళ వాళ్ళు ఇంటి దగ్గరే కథలు దింపుకుని మెమరీ కార్డులో వేసుకోండి, పెన్ డ్రైవులో వేస్తే టీవీలో కూడా వస్తాయి. వీడియో కంటే బొమ్మ, కింద వాక్యం ఉన్న పేజీలు పెట్టి పిల్లల చేత పైకి చదివించండి. పిల్లల మొహాలు, గొంతులు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి, ఇది మాత్రం చేతులు జోడించి చెప్తున్నాను. ఏకోపాధ్యాయులైతే ఒక్క ఫోను చాలు, నలుగురు పిల్లలు, పది నిమిషాలు, వరండాలో.

ఆ పుస్తకం ఇవాళ తెచ్చాను, ఇదిగో. భోజనం చేశాక అందరూ ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. ఈ బడిలో మనకి వండుతున్న అక్కని కూడా అడిగాను, చిన్నప్పుడు విన్న కథ ఒకటి చెప్తానంది. రికార్డరు ఎలా ఆన్ చేయాలో తెలియని వాళ్ళు నా పక్కన కూర్చోండి, వంట గిన్నెలు కడిగాక మొదలుపెడతానంది.