ఆఖరి నెలలో కలుపుదాం అనుకుంటే

శ్రోతలకు నమస్కారం. అనంతపురం, హిందూపురం, చిత్తూరు వైపు నుంచి బెంగళూరు వచ్చి, పీజీల్లో ఉంటూ ఇంజినీరింగ్ చదివే పిల్లలకు ఆఖరి ఏడాది రాగానే మొదలయ్యే టెన్షన్ ప్రాజెక్టు. బ్యాచ్‌లు ఎలా కుదురుతాయో తెలిసిందే. ఒకే రూమువాళ్లు, ఒకే బెంచీవాళ్లు. తప్పేం లేదు. కానీ నలుగురూ కోడింగే చేస్తామంటే సెన్సర్లు ఎవరు కొంటారు, రిపోర్టు ఎవరు రాస్తారు? అందరూ అందలం ఎక్కితే మోసేవారెవరు!

సరే, ఎలాగో పని పంచుకుంటారు. "ఆఖరి నెలలో కలిపేద్దాంలే" అనుకుంటారు. ప్రాజెక్టు దెబ్బతినేది సరిగ్గా అక్కడే.

బెళ్లందూరు చెరువు నురగనూ, 2017లో ఆ చెరువులో లేచిన మంటలనూ చూసిన ఊరిది. చెరువు నీటి మీద ప్రాజెక్టు చేద్దామని ఇక్కడ ఎవరికైనా అనిపిస్తుంది. ఒకరు ఎలక్ట్రానిక్ సామాన్లు దొరికే ఎస్పీ రోడ్డుకెళ్లి నీటి మురికిని కొలిచే టర్బిడిటీ సెన్సర్ తెస్తారు. మామూలుగా దొరికే రకం 5 వోల్టుల మీద నడుస్తుంది. నీళ్లు ఎంత తేటగా ఉంటే అంత ఎక్కువ వోల్టేజీ ఇస్తుంది, 4 వోల్టులు దాటిపోతుంది. ఇంకొకరు, సెన్సర్ ఇచ్చే వోల్టేజీని చదివి ఫోనుకు పంపడానికి, వైఫై ఉంది కదా అని ఈఎస్‌పీ32 అనే చిన్న కంప్యూటర్ బోర్డు కొంటారు. దాని పిన్నులకు 3.3 వోల్టులకు మించి ఇవ్వకూడదు. ఎవరి దగ్గర వారిది బాగానే ఉంటుంది. కలిపిన రోజు మంచినీళ్లు పోసినా, కొంచెం మురికినీళ్లు పోసినా ఒకటే రీడింగు, ఎందుకంటే 3.3 వోల్టులు దాటినదేదైనా బోర్డుకు ఒకటే. ఖర్మ కాలితే పిన్నే పోతుంది. మధ్యలో రెండు రెసిస్టర్లు పెట్టి వోల్టేజీ తగ్గిస్తే తీరిపోయే వ్యవహారం. రివ్యూ ముందు రాత్రి అది ఎవరికి తడుతుంది?

అందుకే నా మాట వినండి. మొదటి నెలలోనే మొత్తం పనిని అరకొరగానైనా ఒకసారి నడిపించండి. ఒక సెన్సర్, ఒక బోర్డు, ఫోన్లో ఒక్క అంకె కనబడితే చాలు. ఆ తర్వాత ఎవరి భాగం వారు మెరుగుపరచుకోవచ్చు. కోడు గిట్‌లో పెట్టండి, అంటే కోడులో చేసిన ప్రతి మార్పునూ దాచి ఉంచే సాఫ్ట్‌వేర్‌లో. లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద ఎక్కడెక్కడివాళ్లో కలిసి పనిచేయడం కోసం లైనస్ టోర్వాల్డ్స్ 2005లో తయారుచేసిందది. "ఫైనల్", "కొత్త ఫైనల్", "ఇదే ఫైనల్" అంటూ వాట్సాప్‌లో ఫైళ్లు పంపుకునే బాధ తప్పుతుంది. ఎవరు ఏ లైను రాశారో కూడా అందులోనే ఉంటుంది, కాబట్టి గొడవలూ తగ్గుతాయి.

రెడీమేడ్ ప్రాజెక్టులు అమ్మేవాళ్లు ఉన్నారు. వాటి మీద నీతులు చెప్పను. వైవాలో ఎగ్జామినర్ "నీ వంతు ఏమిటమ్మా?" అని ఒక్కొక్కరినీ అడిగినప్పుడు అమ్మినవాడు పక్కన ఉండడు, అంతే.

డబ్బుకు ఇబ్బందయితే ఒక దారి ఉంది. ఇక్కడి ఐఐఎస్సీ ప్రాంగణంలో ఉన్న కర్ణాటక రాష్ట్ర విజ్ఞాన సాంకేతిక మండలి, స్టూడెంట్ ప్రాజెక్ట్ ప్రోగ్రామ్ కింద ఎంపికైన ప్రాజెక్టులకు సాయం చేస్తుంది. ప్రతిపాదన కాలేజీ ద్వారానే వెళ్లాలి. ఆఖరు తేదీ ఎప్పుడో మీ గైడును ఈ వారంలోనే అడగండి. సెలవు.