సంక్రాంతి తర్వాత ఊళ్లో పనేది?

శ్రోతలకు నమస్కారం.

భోగి, సంక్రాంతి, కనుమ, ముక్కనుమ అయిపోతాయి. ఆ వారంలోనే మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో, ఆమదాలవలస, పలాస, విజయనగరం స్టేషన్లలో జనరల్ బోగీల దగ్గర కాలు పెట్టే చోటుండదు. బియ్యం మూట, దుప్పటి, ఆవకాయ సీసా, చంకలో పిల్ల. కొందరు చెన్నైకి, కొందరు హైదరాబాదుకి, ఇంకొందరు బెంగళూరుకి. అక్కడ బిల్డింగ్ పనులు. మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు పండగ ఖర్చులకే అయిపోయి ఉంటుంది కాబట్టి, ఇప్పుడు వెళ్లనంటే కుదరదు. తీరం వాళ్ల దారి ఇంకా దూరం. మన మత్స్యకారులు గుజరాత్‌లోని వెరావల్ దాకా పోయి, అక్కడి బోట్ల మీద నెలల తరబడి కూలికి వేట చేస్తారు. 2018 చివర్లో అలా వెళ్లినవాళ్లు కొందరు సరిహద్దు దాటారంటూ పాకిస్తాన్ చేతికి చిక్కారు. వాళ్లలో 20 మంది 2020 జనవరిలో వాఘా దగ్గర మన నేల మీద అడుగు పెట్టేదాకా ఆ ఇళ్లల్లో ఎవరికీ కంటి మీద కునుకు లేదు.

ఎందుకు పోతున్నారంటే, మనకి చాలా ఊళ్లలో ఒక్కటే పంట. వంశధార, నాగావళి మన మధ్య నుంచే పారి సముద్రంలో కలుస్తున్నాయి. అయినా కాలువ చివర పొలాలున్న రైతు ఆకాశం వైపే చూస్తాడు. జూలై, ఆగస్టుల్లో ఉభాలు, అంటే వరి నాట్లు. నవంబరు, డిసెంబరుల్లో కోతలు, నూర్పులు. ఆపైన మినుమో పెసరో చల్లితే చల్లుతారు గానీ, దానికి కూలీలు పెద్దగా అక్కర్లేదు. జనవరి నుంచి జూన్ దాకా ఊళ్లో పనుండదు. అందుకే ఇక్కడి నిరుద్యోగం గురించి ఎవరు మాట్లాడినా, ముందు ఈ ఆరు నెలల గురించి మాట్లాడాలని నేను గట్టిగా నమ్ముతాను. ప్రభుత్వం చేసే ప్రతి ప్రయత్నాన్నీ ఒకే ప్రశ్న అడగాలి: ఇది ఆ నెలల్లో మనిషిని ఊళ్లో నిలబెడుతుందా?

ప్రయత్నాలు లేవని అనను. పేదరికం తగ్గించడానికి 2000లో వెలుగు ప్రాజెక్టు మొదలైన జిల్లాల్లో మన రెండు జిల్లాలూ ఉన్నాయి. మహిళా సంఘాలు బలపడడంలో దానికి పెద్ద పాత్ర ఉంది. ఉపాధి హామీ చట్టం 2006 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చినప్పుడు మొదటి విడతలోనే విజయనగరం ఉంది. ఆ మరుసటి ఏడు శ్రీకాకుళం చేరింది.

ఆ ఉపాధి పని ఎలా సాగుతుందో పట్నంలో ఉండేవాళ్లకి అంతగా తెలియకపోవచ్చు, కాస్త చెబుతాను. ఎండ ముదరక ముందే గడ్డపారలు, పారలు, తట్టలు పట్టుకుని చెరువు గర్భంలోకి దిగుతారు. ఎక్కువమంది ఆడవాళ్లే. పని చూసే మేట్ ఫోన్‌లో అందరికీ ఫోటో తీస్తాడు. కొన్ని గంటలాగి మళ్లీ తీస్తాడు. సిగ్నల్ అందని ఊళ్లలో ఆ ఫోటో ఎక్కేదాకా టెన్షనే, మస్టరులో హాజరు పడుతుందో లేదోనని. కూలి మాత్రం తవ్విన గుంత కొలతల్ని బట్టి కడతారు. 2025-26 సంవత్సరానికి మన రాష్ట్రానికి ఖరారు చేసిన రోజు కూలి 307 రూపాయలు. నేల బిరుసుగా ఉన్నచోట ఎంత తవ్వినా కొలత రాదు, ఆ మొత్తమూ చేతికి రాదు. పట్నంలో బిల్డింగ్ పనికిచ్చే కూలి దీనికి రెండింతల పైనే. అయినా ఇక్కడ పని వరసగా దొరికితే, పిల్లల బడి మానిపించి ఊరు వదలడానికి ఏ తల్లికీ మనసొప్పదు. పని వరసగా దొరకకపోవడమే అసలు చిక్కు.

2025 డిసెంబరులో పార్లమెంటు పాత చట్టం స్థానంలో కొత్త చట్టాన్ని ఆమోదించింది. ఏడాదికి 100 రోజుల హామీని 125 రోజులు చేసింది. ఖర్చులో 40 శాతం మనలాంటి రాష్ట్రాలు భరించాలి. ఖజానా ఇబ్బందుల్లో ఉన్న రాష్ట్రానికి ఇది చిన్న బరువేమీ కాదు, ఆ బరువు చివరికి కూలీల పని దినాల మీద పడకూడదు. మన రెండు జిల్లాలకీ బాగా ముఖ్యమైన మాట ఇంకొకటుంది. వ్యవసాయ పనులు జోరుగా ఉండే రోజుల్లో, ఏడాది మొత్తమ్మీద 60 రోజులు ఉపాధి పనులు ఆపుతారు. ఆ రోజులేవో రాష్ట్రమే ముందుగా ప్రకటించాలి. జిల్లాకి, మండలానికి వేర్వేరుగా ప్రకటించుకునే వీలు కూడా ఉంది. గోదావరి జిల్లాల్లో ఎండాకాలంలోనూ దాళ్వా వరి ఉంటుంది. వాళ్ల లెక్క ప్రకారం తేదీలు పెట్టి అవే మనకూ వర్తింపజేస్తే కొంప మునుగుతుంది. మన ఆపుదల ఉభాలప్పుడూ కోతలప్పుడూ ఉండాలి. జనవరికల్లా పనులు మంజూరై, సంక్రాంతి వెళ్లిన వారంలోనే మస్టర్లు తెరవాలి. మే నెలలో వెయ్యి మందికి పని చూపించామని చెప్పుకున్నా, జనవరిలోనే రైలెక్కి వెళ్లిపోయినవాడికి అది అందదు.

ఇక ఫ్యాక్టరీల సంగతి. ఒకప్పుడు ఈ పొలాల్లో గోగు విరివిగా పండేది. ఆ నారతో విజయనగరం, నెల్లిమర్ల, బొబ్బిలి, సాలూరు, రాజాం వైపు జూట్ మిల్లులు నడిచాయి. ఆహార ధాన్యాలు గోనె సంచుల్లోనే నింపాలని 1987లో కేంద్రం చట్టమే చేసింది. అయినా ప్లాస్టిక్ సంచి వచ్చిపడింది, గోగు తగ్గింది, మిల్లులకు తాళాలు పడ్డాయి. వేలమందికి అన్నం పెట్టిన పరిశ్రమ అలా మన కళ్ల ముందే చిక్కిపోవడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

పలాసలో జీడి పరిశ్రమ మాత్రం నిలబడింది. పిక్కలు కాల్చడం, కొట్టడం, పప్పు పొట్టు తీయడం, గ్రేడింగ్, ఎక్కువ భాగం ఆడవాళ్ల చేతుల మీదుగానే జరుగుతాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను ఉద్దానం జీడి, కొబ్బరి తోటల్ని కూకటివేళ్లతో పెకలించింది. అయినా బట్టీలు ఆగలేదు, ఆఫ్రికా దేశాల పిక్కలు తెచ్చి మరీ నడిపారు. ఇలాంటిచోట సొంతంగా చిన్న యూనిట్ పెట్టుకోవాలనుకునే కుర్రాళ్లు ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం గురించి తప్పక అడిగి తెలుసుకోవాలి. పల్లెల్లో తయారీ యూనిట్‌కి 50 లక్షల ప్రాజెక్టు దాకా సాయం ఉంది. సబ్సిడీ జనరల్ వాళ్లకి 25 శాతం, మహిళలకీ ఎస్సీ, ఎస్టీ, బీసీలకీ 35 శాతం. 10 లక్షల దాకా అప్పుకి బ్యాంకు తాకట్టు అడగకూడదు. ఈ మాట తెలియక బ్యాంకు గుమ్మం నుంచే వెనక్కి తిరిగినవాళ్లు ఎంతోమంది.

2023లో మూలపేట పోర్టుకీ భోగాపురం విమానాశ్రయానికీ శంకుస్థాపనలు జరిగాయి. అంతకుముందు 2019లో, పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలని రాష్ట్రం చట్టం తెచ్చింది. భూములిచ్చిన ఊళ్ల పిల్లలకి గేటు దగ్గర సెక్యూరిటీ పని, లోపల ఊడ్చే పని ఇచ్చి ఆ లెక్క నింపితే న్యాయం అనిపించుకోదు. క్రేన్ నడపడం, వెల్డింగ్, కోల్డ్ స్టోరేజీ నిర్వహణ లాంటివి మన ఐటీఐల్లో ఇప్పటినుంచే నేర్పాలి. శిక్షణ పూర్తయినవాళ్లలో ఎంతమంది మన జిల్లాలోనే పనిలో చేరారో అధికారులు ఏటా బోర్డు మీద రాసి పెట్టాలి.

తీరానికి ఒక్క మాట. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. ఆ రోజులకిచ్చే భృతిని 2025లో 20 వేల రూపాయలకు పెంచి, మన బుడగట్లపాలెంలోనే పంపిణీ మొదలుపెట్టారు. మంచిదే. కానీ వెరావల్ ప్రయాణాలు ఆగాలంటే హార్బరు, జెట్టీ, ఐసు, మంచి ధర ఇక్కడే దొరకాలి.

ఈలోగా ఊళ్లో ఉన్నవాళ్లు చేయగలిగిన పని ఒకటుంది. పని కావాలని నోటితో అడిగి ఊరుకోవద్దు. తెల్ల కాగితం మీద జాబ్ కార్డు నంబరు, ఎన్నాళ్లు పని కావాలో రాసి పంచాయతీలో ఇవ్వండి. తేదీ వేసిన రసీదు చేతికి తీసుకోండి. ఆ తేదీ నుంచి 15 రోజుల్లో పని చూపించకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాలి. మొదటి 30 రోజులకి కూలిలో కనీసం పావు వంతు, ఆ తర్వాత సగం. రసీదు లేకపోతే మీరు అసలు పని అడగలేదనే రికార్డవుతుంది. పంచాయతీలో రసీదు ఇవ్వకపోతే ఎంపీడీఓ ఆఫీసుకి వెళ్లండి. అక్కడా కాకపోతే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు. నలుగురైదుగురు కలిసి వెళ్లండి, డిసెంబరు నెలాఖరులోగా వెళ్లండి.