సీసం ఉక్కుని మించిపోయిన చోటు

(కెమెరా: అమలాపురంలో కడుతున్న ఇల్లు, స్లాబు కడ్డీలు)

అందరికీ నమస్కారం. ఈ కడ్డీ మీద అచ్చు చూడండి, ‘ఎఫ్ఈ 500’. అంటే చదరపు మిల్లీమీటరుకి కనీసం 500 న్యూటన్లు, సుమారు 51 కిలోల బరువు పడితే గానీ ఇది మళ్ళీ వెనక్కి రానంతగా సాగిపోదు. ల్యాబ్‌లో మెషిన్‌కి బిగించి నెమ్మదిగా లాగితే వచ్చిన నంబర్ ఇది. అదే పని సెకనులో వెయ్యో వంతులో చేస్తే నంబర్ మారిపోతుంది, మెత్తటి ఉక్కుకైతే దాదాపు రెట్టింపు కూడా అవుతుంది! లోహం వంగాలంటే లోపల పరమాణువుల వరసల్లో ఉన్న లోపాలు పక్కకి జరగాలి, దానికి టైమ్ కావాలి, మనం ఆ టైమ్ ఇవ్వట్లేదు.

అంత వేగంలో కొలిచేదెలా? రెండు పొడవాటి కడ్డీల మధ్య, పరీక్షించాల్సిన లోహంతో చేసిన చిన్న బిళ్ళ పెట్టి ఒక చివర ఇంకో కడ్డీతో కొడతారు. దెబ్బ సెకనుకి సుమారు 5 కిలోమీటర్ల వేగంతో అలలా ఉక్కులో పరిగెత్తి బిళ్ళని తాకుతుంది. వెనక్కి తిరిగొచ్చిన అల బిళ్ళ ఎంత వేగంగా నలిగిందో చెబుతుంది, అవతలి కడ్డీలోకి దాటిన అల అది ఎంత గట్టిగా ఎదిరించిందో చెబుతుంది. 1914లో బ్రిటన్ ఇంజనీరు హాప్కిన్సన్ ఒక్క కడ్డీతో మొదలుపెట్టాడు, 1949లో కోల్‌స్కీ దాన్ని రెండు చేశాడు. నాకు చాలా ఇష్టమైన ప్రయోగం ఇది.

(కెమెరా: అంతర్వేది పల్లిపాలెం, వల అంచున సీసం గుళ్ళు)

ఇప్పుడు అసలు సంగతి. ఈ సీసం గుళ్ళని పటకారుతో నొక్కితే చాలు, అణిగిపోతాయి. కానీ భూమి నడిబొడ్డున ఒత్తిడి సుమారు 36 లక్షల వాతావరణాలు (ఒక వాతావరణం అంటే మన మీద గాలి వేసే ఒత్తిడి), అంతకంటే ఎక్కువలో సీసాన్ని పెడితే? ఆ ఒత్తిడికి ఏ కడ్డీ నిలవదు. కాలిఫోర్నియాలోని నేషనల్ ఇగ్నిషన్ ఫెసిలిటీలో 192 లేజర్ కిరణాలున్నాయి, వాటి శక్తితో పుట్టించిన ప్లాస్మాతో, అంటే బాగా వేడెక్కి విద్యుదావేశం వచ్చిన వాయువుతో, సీసం రేకుని నెట్టారు. ఒత్తిడిని ఒక్క దెబ్బలో కాకుండా క్రమంగా పెంచాలి, లేకపోతే వేడికి కరిగిపోతుంది, కరిగినదానికి ఇక బలమేముంది.

రేకు మీద ముందే సన్నటి ముడతలు చెక్కి ఉంచుతారు. గ్లాసులో నూనె మీద నీళ్ళు పోస్తే నీళ్ళు వేళ్ళలాగా కిందికి చొచ్చుకుపోతాయి కదా, తేలికైన ప్లాస్మా బరువైన సీసాన్ని నెట్టినప్పుడు ముడతలు కూడా అలాగే పెరుగుతాయి, లోహం బలంగా ఉంటే ఆ పెరుగుదలని అడ్డుకుంటుంది. ఎక్స్‌రే ఫొటోలో ముడతల ఎత్తు చూస్తారు. 2019లో వచ్చిన ఫలితం ఏంటంటే, సుమారు 40 లక్షల వాతావరణాల దగ్గర సీసం బలం 3.8 గిగాపాస్కల్స్ (చదరపు మిల్లీమీటరుకి 3800 న్యూటన్లు), అంటే మామూలు సీసానికి 250 రెట్లు, మన స్లాబు కడ్డీ నంబర్‌కి ఏడు రెట్లకి పైనే! ఆ వేగమూ ఆ ఒత్తిడీ కలిసి గట్టిపరిచాయి, పైగా ఒత్తిడికి పరమాణువుల అమరిక కూడా మారిపోయింది.

ఒక్క మాట, దయచేసి స్కిప్ చేయొద్దు. ఇక్కడ బలాన్ని నేరుగా చూసిన పరికరం ఏదీ లేదు. చూసింది ముడతలని. ‘బలం ఇంత ఉంటే ముడతలు ఇంత పెరగాలి’ అని కంప్యూటర్‌లో లెక్క నడిపి, ఫొటోతో సరిపోయిన మోడల్ నుంచి ఆ 3.8 తీశారు. కాబట్టి ఇలాంటి నంబర్ ఎక్కడ కనబడినా, పక్కన ఏ మోడల్ వాడారో కూడా చూడండి.